ఇప్పుడొద్దన్న గొంతు

బైబిల్ మీద చెయ్యి వేసి చెప్పేదాన్నే. కానీ ఒట్టు పెట్టుకోవద్దని ఆ బైబిల్లోనే ఉందని మా ఫాదర్ గారు గుర్తు చేశారు. సరే... అయితే నా కత్తెర మీద ఒట్టు. దిల్‌సుఖ్‌నగర్ సందులో జాకెట్లు కుట్టి బతికేదాన్ని నేను. నాకు అన్నం పెట్టింది ఆ కత్తెరే. దాని మీద అబద్ధమాడితే రేపు పొద్దున నా వేలే తెగుతుంది.

ఇది నిజంగా జరిగింది. పక్కింటావిడ ఆడపడుచుకి కాదు... నాకు. ఎవరో చెప్పగా విన్నది కాదు. ఈ రెండు చెవులతో నేనే విన్నాను.

ముందే ఒక మాట. ఈ సంగతి మన ఎల్బీనగర్‌లో ఇప్పటికే రకరకాలుగా తిరుగుతోంది. మరియమాత కనబడిందని చర్చిలో కొందరన్నారు. దయ్యమని మా బంధువులన్నారు. చలికి నాకు మతి చలించిందని ఇంకెవరో అన్నారట. వాళ్లెవరూ అక్కడ లేరు. ఆ గదిలో ఉన్నది నేనూ, మా చెల్లెలూ. అదిగో, ఆ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని నన్ను చూసి నవ్వుతోందే... అదే మా సెలీనా. నేను ఎక్కడైనా ఎక్కువ చేసి చెబితే అది గాజుతో కుర్చీ మీద కొడుతుంది. అలా అని ఒప్పందం. ఇక వినండి.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి. లేకపోతే అసలు విషయం అర్థం కాదు.

మా అమ్మ పేరు లూర్దమ్మ. నల్గొండ దగ్గర పల్లె. లూర్దు అనేది ఫ్రాన్సు దేశంలో ఒక ఊరని, అక్కడొక గుహలో మరియమాత కనబడిందని, తన పేరు ఆ ఊరిదేనని ఆమెకు చాలా ఏళ్లు తెలియదు. ఖమ్మం అవతల ఎక్కడో ఉందనుకునేది. చదువు రాదు. జపాలన్నీ చెవిన పడి నేర్చుకున్నవే. ఫాదర్ రాని రోజుల్లో ఊళ్లో ప్రార్థన చెప్పించే ఉపదేశి గారు ఒకాయన ఉండేవారు. ఆయన రైలుబండిలా గబగబా చెప్పేవారట. మరియమ్మ జపం చివర "ఇప్పుడును మా మరణ సమయమందును" మా కోసం ప్రార్థించండి అని ఉంటుంది కదా... అది అమ్మ చెవికి ఇంకోలా తగిలింది. బతికినంత కాలం ఆమె చెప్పింది ఇదీ:

"ఇప్పుడొద్దు, మా మరణ సమయం వద్దు, ప్రార్థించండి, ఆమెన్."

ఉపదేశి గారు దిద్దారు. మేం పిల్లలం నవ్వాం. సిటీకి వచ్చాక కాన్వెంటు సిస్టర్లు కూర్చోబెట్టి మరీ దిద్దారు. అమ్మ వింటేనా?

"తప్పేమున్నది బిడ్డా? అందరం అడిగేది గదే గద. ఇప్పుడొద్దనే గద," అనేది.

జపమాల ఎలా చెబుతారో తెలియని వాళ్ల కోసం చెబుతున్నాను. ఒకరు మొదటి సగం చెబితే, ఇంకొకరు రెండో సగం అందుకోవాలి. ఒకరు పిలిచినట్టు, ఒకరు పలికినట్టు. మా ఇంట్లో మొదటి సగం సెలీనాది. "పరిశుద్ధ మరియమ్మా" నుంచి జవాబు అమ్మది. నేను కుట్టు మిషన్ తొక్కుతూ ఆమెన్ మాత్రం కలిపేదాన్ని. సెలీనాది సన్నటి గొంతు, తీగలాంటిది. కోచింగ్ సెంటర్‌లో ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేసేది. దాని మాట విని పిల్లలు కోర్సులో చేరిపోయేవాళ్లు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది కూడా అదే.

అమ్మ పోయిన రోజు సాయంత్రం కూడా ఇద్దరూ జపం చెప్పుకున్నారు. ఆ రోజు అమ్మ "ఇప్పుడొద్దు" అనలేదు. ఆ మాట దగ్గరకొచ్చి... ఆగింది. ఊరుకుంది. ఆమెన్ మాత్రం అంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. తెల్లారేసరికి అమ్మ లేదు.

ఆ తర్వాత సెలీనాకు గొంతులో క్యాన్సర్ వచ్చింది. గొంతు పెట్టె మొత్తం తీసేశారు. ఇప్పుడు దానికి ఊపిరి ముక్కుతో కాదు. మెడ కింద చిన్న రంధ్రం, అందులో ఒక గొట్టం. పీల్చేదీ వదిలేదీ అందులోంచే. మాట లేదు. గుసగుస కూడా లేదు. ఏడ్చినా చప్పుడు రాదు. పెదవులు కదుపుతుంది, ఫోన్లో టైపు చేస్తుంది, గాజుతో కొట్టి పిలుస్తుంది.

ఆపరేషన్ అయిన ఏడాదికి డాక్టర్ గారికి మళ్లీ అనుమానం వచ్చింది. కొన్నాళ్లాగి ఇంకో స్కాన్ చేద్దామన్నారు. అది తెలిసి మా మేనమామ వచ్చాడు. టీ తాగాడు. తాగి, కప్పు కింద పెడుతూ అన్నాడు:

"ఇగ దేవునికి వదిలెయ్యి బిడ్డా. మన చేతుల ఏమున్నది?"

నాకు ఒళ్లు మండింది. "వదిలేసుడేంది మామా? పోయి పట్టుకోని అడుగుత," అన్నాను.

ఎక్కడికి పోయి అంటే... అమ్మ పేరున్న ఊరికి. సిటీ నుంచి ఒక గుంపు లూర్దు యాత్రకు వెళ్తోందని చర్చిలో చెప్పారు. పేర్లిచ్చేశాను. ఎట్లా వెళ్లామో, ఏమేం తిప్పలు పడ్డామో అది వేరే కథ. బంధువులంతా ఒకటే పాట.

"రోగిష్టి పిల్లను గంత దూరం ఎట్ల తీస్కపోతవే? నడిమిట్ల ఏమన్న అయితే?"

"ఈడ కూసున్నా అయ్యేది అయితది. ఆడ అడిగినట్టన్న ఉంటది."

మా కింద వాటాలో ఉండే యాదమ్మక్క ఒక్కతే మమ్మల్ని ఆపలేదు. కర్మన్‌ఘాట్ హనుమాన్ గుడికి పోయి, ఎర్ర దారం తెచ్చి, సెలీనా చేతికి కట్టింది. కట్టి, నా వైపు అనుమానంగా చూసింది. "మీ దేవుడు ఏమన్న అంటడా?" అని అడిగింది. "అంటే నేను మాట్లాడుకుంట తియ్యి అక్కా," అన్నాను. అలా ఒక చేతికి హనుమంతుడి దారం, ఇంకో చేతికి జపమాల కట్టుకుని మా చెల్లెలు విమానం ఎక్కింది.

లూర్దులో మా రోజులు ఎలా గడిచేవంటే... పొద్దున్నే చిన్న గుడిలో మా ఫాదర్ గారు తెలుగులో పూజ చేసేవారు. పక్క గుడిలో ఇంకో భాష వాళ్లు, దాని పక్కన ఇంకో భాష వాళ్లు. అయ్యాక గుహ దగ్గర లైను. మధ్యాహ్నం తాళం కప్పలంత గట్టి రొట్టె, పలచటి సూపు. మా వాళ్లు ఎంతకాలం ఓర్చుకుంటారు? గోంగూర సీసాలు బయటికొచ్చాయి. ఒకావిడ గదిలో రైస్ కుక్కర్ పెడితే హోటల్ మెట్ల మీద లైట్లన్నీ పోయాయి. ఆ హోటల్ ఆయన మీసం వణికిపోయింది. వీధి పొడుగునా దుకాణాల్లో మరియమాత ఆకారంలో ప్లాస్టిక్ సీసాలు. తల మీద నీలం కిరీటం తిప్పితే అదే మూత. అందరూ వాటి నిండా జబ్బులు నయం చేస్తాయనే ఆ గుహ నీళ్లు పట్టుకుని, సూట్‌కేసుల్లో చీరల మధ్య చుట్టి దాచుకునేవాళ్లు.

కానీ నాకు నచ్చింది వేరు. అక్కడ రోగులదే ముందు వరుస. చక్రాల కుర్చీలో వాళ్లు వస్తుంటే ఆరోగ్యంగా ఉన్నవాళ్లు పక్కకు జరిగి దారి ఇస్తారు. మన దగ్గర మెట్రోలో సెలీనా మెడ చూసి సీటు మారినవాళ్లున్నారు. అక్కడ అది మెడకు చుట్టుకున్న గుడ్డ తీసేసి నడిచింది. ఎవరూ గుడ్లప్పగించి చూడలేదు. నాకు కడుపు నిండింది.

నీళ్ల దగ్గర మాత్రం ఒక గొడవైంది. మా గుంపులో జెసింతమ్మ గారని పెద్దావిడ ఉన్నారు. గుంటూరు వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డ కుటుంబం. మనసు మంచిదే, నోరే కొంచెం ముందు నడుస్తుంది. అక్కడ సేవ చేసే అమ్మాయి సెలీనా దోసిట్లో నీళ్లు పోస్తోంది. మొహం కడుక్కోవాలి, కాస్త తాగాలి. అంతే. ఈవిడ వెనకనుంచి వచ్చారు.

"అదేంటమ్మా, చేతుల్లో పోయిస్తావేం? ఆ గొంతు మీద పోయించు. జబ్బు ఉన్నది అక్కడ కదా. విశ్వాసం ఉంటే ఏమీ కాదు."

"ఆంటీ, గా తొర్రల నీళ్లు పడితే సక్కగ ఊపిరితిత్తులల్లకే పోతయి. విశ్వాసం నాకున్నది. తొర్రకు లేదు."

ఆవిడ మొహం మాడ్చుకున్నారు. సెలీనా నవ్వింది. దాని నవ్వు మీరు చూశారు కదా... చప్పుడుండదు, భుజాలు ఊగుతాయి. ఎక్కువ నవ్వితే దగ్గు వస్తుంది, దగ్గితే గొట్టానికి కఫం అడ్డం పడుతుంది. అందుకే దాన్ని ఎక్కువ నవ్వించొద్దని డాక్టర్ గారు నాకు చెప్పారు. నవ్వొద్దని చెల్లెలికి ఎలా చెబుతాం చెప్పండి?

ఆ సాయంత్రం గుహ దగ్గర మా వంతు వచ్చింది. రాతి గోడను ముట్టుకుంటూ నడవాలి. ఎన్ని చేతులు రుద్దాయో, నున్నగా, చల్లగా ఉంది. ఏడుస్తూ బతిమాలాలని అనుకునే వెళ్లాను. నోరు తెరిచేసరికి ఇంకేదో వచ్చింది. "గొంతు నువ్వే ఇచ్చినవ్, నువ్వే తీస్కున్నవ్. సరే. మనిషిని మాత్రం ఇయ్య," అన్నాను. పైకే అన్నాను. పక్కనున్న తెల్లావిడ భక్తి అనుకుని నా భుజం తట్టింది.

రాత్రి కొవ్వొత్తుల ఊరేగింపు. కాగితం డొప్పలో కొవ్వొత్తి పెట్టుకుని, వేలమంది, ఒకే పాట. పాట పల్లవి దగ్గర అందరూ కొవ్వొత్తులు పైకెత్తుతారు. సెలీనా కూడా ఎత్తింది. పెదవులు కదుపుతూ పాడింది. పక్కన నేను దాని కోసం గట్టిగా పాడాను. నాకు రాగం రాదు. వస్తే ఏంటి, రాకపోతే ఏంటి.

గదికి వచ్చేసరికి కాళ్లు చలికి కొయ్యబారిపోయాయి. మాది మూడు మంచాల గది. మూడో మంచం మనిషి ఆఖరి నిమిషంలో రాలేకపోయింది. కాబట్టి అది ఖాళీ. దాని మీదే మా సూట్‌కేసులు పెట్టుకుని తీసుకునేవాళ్లం. కిటికీ కింద ఇనుప హీటరు. చలికి దాన్ని పూర్తిగా తిప్పేశాం. కిటికీ బిగించాం. తడి తువ్వాళ్లు కూడా దాని మీదే ఆరేశాం. ఎల్బీనగర్ మనుషులం, హీటరు గాలిని ఎండగొడుతుందని మాకేం తెలుసు? మన ఇళ్లలో ఉండేది కూలరు.

ఇక... ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి.

ఆపరేషన్ అయినప్పటి నుంచీ నేను దాని ఊపిరి వింటూ నిద్రపోతాను. గొట్టంలోంచి వస్తుంది. సుయ్... సుయ్... అని. ఆ చప్పుడు ఉంటే నిద్రపోతాను. ఆగితే లేస్తాను. అదీ నా ధీమా.

ఆ రాత్రి నన్ను లేపింది అది కాదు.

గొంతు.

మొదట నేను మా ఇంట్లోనే ఉన్నాననుకున్నాను. నిద్రమత్తు. పక్క గదిలో అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని జపం చెబుతోంది, రోజూ ఉండేదే కదా అన్నట్టు... కళ్లు కూడా తెరవలేదు. "పరిశుద్ధ మరియమ్మా..." అని మొదలవుతోంది. కాస్త బొంగురు. బుగ్గన పొగాకు పెట్టుకునే వాళ్లకు మాటల మధ్య ఒక తడి చప్పుడు ఉంటుంది చూడండి... ఆ చప్పుడుతో సహా. నెమ్మదిగా, తడబడకుండా చివరికొచ్చింది.

"ఇప్పుడొద్దు... మా మరణ సమయం వద్దు... ప్రార్థించండి... ఆమెన్."

తర్వాత నిశ్శబ్దం.

మళ్లీ, "పరిశుద్ధ మరియమ్మా..."

మళ్లీ నిశ్శబ్దం.

ఆ నిశ్శబ్దం గురించి చెప్పాలి. అదే నన్ను ఇప్పటికీ వదలనిది. అది ఊరికే ఆగడం కాదు... కొలిచినట్టుంది. జపంలో మొదటి సగం చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంత. ఎక్కువ లేదు, తక్కువ లేదు. అంటే... ఎవరో మొదటి సగం చెబుతున్నారు. నాకు వినబడటం లేదు. ఆ గొంతుకు వినబడుతోంది. అది పూర్తిగా విని, వంతు రాగానే అందుకుంటోంది.

అప్పుడు తెలివొచ్చింది. ఇది ఎల్బీనగర్ కాదు. అమ్మ లేదు.

కళ్లు తెరిచాను. చీకటి. తెర సందులోంచి వీధి దీపం వెలుగు నేల మీద సన్నగా పడింది. హీటరు టిక్... టిక్... అంటోంది. ఒళ్లంతా చెమట. చెయ్యి కదపాలంటే కదలడం లేదు. గొంతు వస్తున్నది... మూడో మంచం వైపు నుంచి.

నేను అటు చూడలేదు. అదేం ధైర్యమని నన్నడక్కండి. మీరైతే చూసేవాళ్లా?

మళ్లీ నిశ్శబ్దం మొదలైంది. మొదటి సగానికి పట్టేంత సేపు గడిచింది. ఇప్పుడు అందుకోవాలి... అందుకోలేదు. ఇంకాస్త సేపు. నేను ఊపిరి బిగపట్టి వింటున్నాను. ఎవరో చెప్పేది మధ్యలో ఆగిపోతే ఎదుటివాళ్లు ఎదురు చూస్తారే... అలా ఉంది.

అప్పుడు వచ్చింది.

"ఇప్పుడొద్దు."

ఒక్క మాటే. జపం లేదు, మరియమ్మ లేదు, ఆమెన్ లేదు.

"ఇప్పుడొద్దు... ఇప్పుడొద్దు... ఇప్పుడొద్దు..."

గబగబా. కసురుతున్నట్టు. పాలు పొంగుతుంటే పట్టించుకోకుండా కూర్చున్నానని అమ్మ నన్ను కసిరేది, అచ్చం ఆ గొంతు. ప్రార్థన కాదది. ఎవరికో అడ్డం నిలబడి చెప్పే మాట.

ఆ గొంతు వెనక నాకు ఇంకోటి తెలిసింది. సుయ్ అనే చప్పుడు... లేదు.

లేదు! దానికి బదులు ఇనుప మంచం మీద గాజు కొడుతున్న చప్పుడు. చాలా చిన్నగా. టక్... టక్... ఆగి, టక్.

ఎలా లేచానో తెలియదు. లైటు వేశాను. సెలీనా మంచం మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ మెడ దగ్గర. కళ్లు బయటికొచ్చాయి. పెదవులు నీలం. ఊపిరి లోపలికి పోవడం లేదు. అరవడానికి గొంతే లేదు కదా దానికి... ఎంతసేపటి నుంచి కొట్టుకుంటోందో!

మెడలోని గొట్టం లోపల ఇంకో సన్న గొట్టం ఉంటుంది, అది లాగేశాను. హీటరు గాలికి కఫం ఎండి, చింతగింజలా బిగుసుకుపోయింది. డాక్టర్ గారు నేర్పినట్టు రంధ్రంలో సెలైన్ చుక్కలు వేశాను. ముందుకు వంచాను. వీపు మీద చరిచాను. రాలేదు. మళ్లీ చుక్కలు. మళ్లీ చరిచాను. అది నా చేతుల్లో బరువెక్కిపోతోంది. అప్పుడు నేనూ అరిచాను. ఎవరి మీద అరిచానో తెలియదు. అమ్మ మీదా, గుహ మీదా, పైనున్న ఆయన మీదా...

"ఇప్పుడొద్దు! చెప్తున్న గద, ఇప్పుడొద్దు!"

ఒక్క దగ్గు. ఎండిన ముద్ద ఎగిరి నా చీర మీద పడింది.

సుయ్.

నేను కింద కూలబడ్డాను. దాన్ని పట్టుకుని ఏడ్చాను. నవ్వాను కూడా. కిటికీ తెరిచేశాను, చలి వస్తే రానీ అని. తడి గుడ్డ పిండి దాని మెడకు అడ్డం పెట్టాను. ఆ గొంతు ఎప్పుడు ఆగిందో తెలియదు. లైటు వేసినప్పుడే ఆగిందో, నేను వినడం మానేశానో...

చాలాసేపటికి సెలీనా ఫోన్ తీసుకుంది. టైపు చేసి చూపించింది.

"నిద్ర పట్టక జపం చెప్పుకుంటున్న. నువ్వు జవాబు చెప్పినవ్."

"నేనా?"

"నువ్వే. చీకట్ల. అమ్మ లెక్క చెప్పినవ్. ఇప్పుడొద్దు, మా మరణ సమయం వద్దు అని. నాకు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చి అడ్డం పడ్డది."

"నేను నిద్రల ఉన్న చెల్లె. నేను నోరే తెరవలే."

అది నా మొహం చూసింది. నేను దాని మొహం చూశాను. తర్వాత ఇద్దరం... నెమ్మదిగా... మూడో మంచం వైపు తిరిగాం.

ఏమీ లేదు. దుప్పటి ఒకచోట నలిగి ఉంది. ఎవరో కూర్చుని లేచినట్టు. కానీ సాయంత్రం దాని మీద సూట్‌కేసు పెట్టి తీసింది నేనే. కాబట్టి ఆ దుప్పటిని నేను సాక్ష్యంగా చెప్పను. లేనిది కల్పిస్తే నాకేం వస్తుంది?

ఆ మిగిలిన రాత్రి లైటు ఆర్పలేదు. ఒకే మంచం మీద ఒకరినొకరం పట్టుకుని కూర్చున్నాం.

పొద్దున టిఫిన్ దగ్గర జెసింతమ్మ గారు నాకు ఎదురుగా వచ్చి కూర్చున్నారు. నీళ్ల దగ్గర గొడవ తర్వాత మాట్లాడటం అదే మొదటిసారి. ఆవిడది మా పక్క గదే.

"ఏదైనా చెప్పుకోవాలమ్మా, రాత్రి మీరిద్దరూ జపమాల చెప్పుకుంటుంటే గోడవతల నాకెంత హాయిగా ఉందో! తర్వాత ఏదో గట్టిగా అరిచారు గానీ, అంతకుముందు ఎంత బాగుందండీ."

"ఇద్దరమా ఆంటీ?"

"ఇద్దరే కదా. ఒకరు చెబుతుంటే ఒకరు అందుకుంటున్నారు. పెద్ద గొంతు ఒకటి, సన్నటి గొంతు ఒక..."

అక్కడ ఆగిపోయారు. చేతిలో కాఫీ కప్పు అలాగే ఉంది. మెల్లగా తల తిప్పి సెలీనాని చూశారు. దాని మెడ చూశారు. ఆవిడ మళ్లీ ఆ ముక్క పూర్తి చేయలేదు. తర్వాత నేను ఎన్నిసార్లు అడిగినా, "నిద్రలో విన్నానేమోనమ్మా, వయసైపోయింది కదా," అంటారు. అనుకోనీ.

ఇంటికొచ్చాం. స్కాన్ అయింది. జబ్బు మొత్తం పోయిందని ఎవరూ చెప్పలేదు. పెరగలేదన్నారు. మళ్లీ చూద్దామన్నారు. ఇప్పటికీ ఆ "మళ్లీ చూద్దాం" మీదే నడుస్తోంది మా బండి. నాకది చాలు. ఇప్పుడొద్దని అడిగాం, ఇప్పుడు రాలేదు.

చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. ఫాదర్ గారు నెమ్మదస్తులు, నన్ను పక్కకు పిలిచి అన్నారు. "మరియమాత స్వరం వినబడింది అని చెప్పమ్మా, వాళ్ల విశ్వాసం బలపడుతుంది. ఆ తప్పు మాట మాత్రం వద్దు. జపంలో ఉన్నట్టు చెప్పు."

"ఫాదర్, మరియమాత గొంతుల మా నల్గొండ యాస ఎందుకుంటది? పొగాకు చప్పుడు ఎందుకుంటది? నేను విన్నది ఇప్పుడొద్దనే. గదే చెప్త. లేకుంటే చెప్పనే చెప్ప."

చెప్పలేదు. ఆయన కూడా బలవంతం చేయలేదు. కానీ ఆ రోజు నుంచీ గుళ్లో అందరూ "ఇప్పుడును" అంటుంటే నేను గట్టిగా "ఇప్పుడొద్దు" అంటాను. ముందు వరుసలో సిస్టర్లు వెనక్కి తిరిగి చూస్తారు. చూడనీ.

మా మేనమామకు తెలిసి భయపడ్డాడు. చచ్చిపోయిన వాళ్ల గొంతు వినబడితే వాళ్లు పిలుస్తున్నట్టేనట, శాంతి చేయించాలట. యాదమ్మక్క ఊరుకుంటుందా? "పిలిచేదయితే రా అంటది గని, ఇప్పుడొద్దంటదా?" అని ఆయన నోరు మూయించింది.

ఆ మాట నాకూ నచ్చింది. అయినా... రాత్రిళ్లు ఒక్కోసారి లెక్క తప్పుతుంది. ఆ గొంతు రాకపోతే సెలీనా నవ్వేది కాదు. నవ్వకపోతే దానికి అడ్డం పడేది కాదు. ఆ గొంతే రాకపోతే నేను లేచేదాన్నీ కాదు. అమ్మ నా చెల్లెల్ని కాపాడటానికి వచ్చిందా... దానితో జపం చెప్పుకోవాలని వచ్చి, పొరపాటున అంతపని చేసి, కంగారుపడి నన్ను లేపిందా? అసలు అమ్మేనా? నేనే నిద్రలో పలికానా? అలాగైతే ఆ సన్నటి గొంతు ఎవరిది?

టక్... విన్నారా? గాజు. నేను ఎక్కువ ఆలోచిస్తున్నానని.

ఇప్పుడు రోజూ రాత్రి ఇద్దరం జపమాల చెబుతాం. దాని పెదవులు కదులుతాయి, మొదటి సగం. నేను కళ్లార్పకుండా ఆ పెదవులే చూస్తుంటాను. అవి ఆగీ ఆగగానే అందుకుంటాను. గట్టిగా. అమ్మ చెప్పినట్టే. మధ్యలో ఖాళీ ఇవ్వను. వచ్చేది ఎవరైనా సరే, అమ్మైనా సరే... జవాబు చెప్పడానికి నేనున్నాను. ఇంకెవరూ అక్కర్లేదు.

మొన్న వారం మాత్రం ఒకసారి పొలమారింది నాకు. అందుకోలేకపోయాను. నీళ్లు తాగి, దగ్గు సర్దుకుని తలెత్తేసరికి సెలీనా జపమాలలో ఇంకో పూసకు వెళ్లిపోయింది. పెదవులు మళ్లీ మొదటి సగం చెబుతున్నాయి.

"ఆగవే, నేను ఇంక జవాబు చెప్పలే గద," అన్నాను.

అది వింతగా చూసింది. ఫోన్ తీసి టైపు చేసింది.

"చెప్పినవ్ గద అక్కా."

నేను చెప్పలేదు. కత్తెర మీద ఒట్టు.

సరే, లేవండి ఇక. జపం వేళైంది. కావాలంటే మీరూ కూర్చోండి... కానీ జవాబు మాత్రం నాదే. అదిగో, అది అప్పుడే జపమాల చేతిలోకి తీసుకుంది.